నూనె కొట్టు ఇంట్లో నూనె చుక్క

జూలై 3

ఈ రోజు కూడా నీళ్ళలో ఉడికిన బీరకాయ. పైన ఉప్పు. పోపు లేదు. ఆవాలు చిటపటలాడిన చప్పుడు విని ఎన్నాళ్ళయిందో. కింద మా కొట్టులో నూనె డబ్బాలు గోడ ఎత్తున పేర్చి ఉంటాయి. నరసాపురంలో ఏ వీధిలో బూరెలు వండినా ఆ నూనె సగం మా కొట్టుదే. మేడ మీద మా మూకుడు మాత్రం అటకెక్కింది.

వేసవిలో మామయ్యగారి గుండెకి స్టెంటు వేశారు. రాజమండ్రి డాక్టరు వేపుళ్ళు తగ్గించండి, నూనె చూసి వాడండి అన్నారు. నేను పక్కనే ఉన్నాను. నా చెవులతో విన్నాను, తగ్గించమన్నారు. మానేయమన్నది ఫోన్‌లో వీడియోలు పెట్టే ఎవరో పెద్దమనిషి. నూనె విషమన్నాడు. ఆ రాత్రే మామయ్యగారు కొట్టు కట్టేసి పైకొచ్చి, ఇంట్లో ఇహ నూనె లేదు, అందరికీ మంచిదే అన్నారు.

అందరికీ. ఆయన గుండెకీ నా కడుపుకీ ఒకటే వైద్యం.

ఆరో నెల నాకు. తొలి చూలు.

జూలై 6

అత్తయ్యగారు పాల మీద మీగడ మొత్తం తీసేసి నాకు గ్లాసు ఇస్తారు. మీగడ వెన్నవుతుంది, వెన్న నెయ్యవుతుంది, నెయ్యి దేవుడి దీపంలోకి పోతుంది. దేవుడికి గుండె జబ్బు లేదు కాబోలు.

జూలై 8

సందెవేళ వంటింట్లో పాలు గ్లాసులో పోశాననుకున్నాను. గట్టు మీద పోశాను. గ్లాసు పక్కనే ఉంది... కనపడలేదు. లైటు వెయ్యలేదు కదా, అందుకే అనుకున్నాను. కానీ అత్తయ్యగారు అదే వెలుతురులో చేటలో బియ్యం ఏరుకుంటున్నారు.

చెప్పాను. తలెత్తకుండానే అన్నారు, కడుపుతో ఉన్నవాళ్ళకి సందెవేళ మసకేస్తుందమ్మా, మాకూ అంతే, కాన్పవగానే పోతుంది అని.

వేవిళ్ళలాగా, కాళ్ళ వాపులాగా ఇదీ ఒకటట. సరే.

జూలై 12

సరే ఏంటి, సరే? నిన్న వీధి గుమ్మంలో ఎవరో నిలబడి పలకరిస్తే పక్కింటి పిన్నిగారనుకుని, రండి పిన్నీ అన్నాను. కరెంటు బిల్లు అబ్బాయి.

ఈయనతో చెప్పాను. ఫోన్ చూడ్డం తగ్గించమన్నారు. స్కూల్లో లెక్కలు చెప్పే ఉద్యోగం మాన్పించారు, నూనె మాన్పించారు, ఇంక ఫోన్ కూడా మానేసి గోడ చూస్తూ కూర్చోవాలేమో. సాయంత్రమైతే గోడా కనపడదు. ఈ మాట పైకి అనలేదు. ఇక్కడ రాస్తున్నాను.

జూలై 13

కళ్ళజోళ్ళ షాపుకి తీసుకెళ్ళారు. మిట్టమధ్యాహ్నం. ధగధగా లైట్లు. అక్షరాలన్నీ చదివేశాను, అడుగున ఉన్న చీమతలకాయంత అక్షరాలు కూడా. మేడమ్ గారి చూపు బ్రహ్మాండంగా ఉందండి అన్నాడతను ఈయనతో. ఈయన నా వైపు తిరిగి చూశారు, చూశావా, అన్నట్టు.

సాయంత్రం జబ్బుని మధ్యాహ్నం పరీక్ష చేసి, లేదని తేల్చేశారు ఇద్దరూ కలిసి.

జూలై 19

ఆత్రేయపురం నుంచి మామయ్యగారి స్నేహితుడు పూతరేకులు తెచ్చారు. నేతివి. మామయ్యగారు మూత కూడా తియ్యకుండా పక్కింటికి ఇచ్చెయ్యమన్నారు. ఇచ్చే ముందు రెండు తీశాను. సామాన్ల గది తలుపు వెనక నిలబడి తిన్నాను. వేళ్ళకంటిన నెయ్యి కూడా వదల్లేదు. ఎమ్మెస్సీ మ్యాథ్స్. ఏడో నెల కడుపు. దొంగలాగా.

సిగ్గు తర్వాత వచ్చింది. ముందు మాత్రం... ఎంత బావుందో.

జూలై 20

పెద్దాపురం నుంచి అమ్మ ఫోన్. మరిడమ్మ జాతర జనంలో నువ్వొద్దులే, తొమ్మిదో నెలలో తీసుకొస్తాం అంది. నూనె సంగతి చెప్పాను. అమ్మకి కోపం వచ్చేసింది. కడుపుతో ఉన్న పిల్లకి ఉడకేసిన గడ్డి పెడతారా, మీ నాన్నతో చెప్పి వస్తానుండు అంది. వద్దన్నాను. కళ్ళ సంగతి చెప్పలేదు, ఏడుస్తుందని.

జూలై 27

అన్నవరం. మామయ్యగారి ఆరోగ్యం కుదుటపడిందని వ్రతం. వ్రతం బాగా జరిగింది. ప్రసాదం ఆకులో వేడివేడిగా, నెయ్యి కారుతూ. దేవుడి ప్రసాదం కాబట్టి మామయ్యగారు వద్దనలేకపోయారు. నా వంతు తిని, ఈయన వంతూ తిన్నాను.

కారు దగ్గరికి దిగేసరికి సందె పడిపోయింది. మెట్లు. మొదటిది కనపడింది. రెండోది లేదు. దీపాలు దూరంగా చుక్కల్లా ఉన్నాయి, వాటి మధ్యనంతా నల్లగుడ్డ కప్పినట్టు. దిగేవాళ్ళ భుజాలు తగులుతున్నాయి. కాలు జాపాను, అడుగున ఏమీ తగల్లేదు. ఒక చెయ్యి పొట్ట మీద, ఒక చెయ్యి పక్క గోడ మీద పెట్టుకుని అక్కడే కూలబడ్డాను. రానన్నాను.

ఈయన నవ్వారు. ఇబ్బందిగా నవ్వుతారు చూడు, అలా. మామయ్యగారు మాత్రం నవ్వలేదు.

"పదిమందిలో ఈ నాటకాలేంటమ్మా. లే."

నాటకం. లోపల బిడ్డ తన్నుతోంది. నా కాలి ముందు మెట్టుందో గొయ్యుందో తెలీదు. అది ఆయనకి నాటకం.

అత్తయ్యగారు వచ్చి నా చెయ్యి పట్టుకుని, ఇక్కడ... ఇప్పుడు కాలు పెట్టు... అంటూ ఒక్కో మెట్టూ దింపారు. కిందికి చేరేదాకా నా చెయ్యి వదల్లేదు.

ఆగస్టు 2

నెలవారీ చెకప్. డాక్టరమ్మ అడిగేవాటికి ఎప్పుడూ నా బదులు అత్తయ్యగారే జవాబు చెప్తారు. తింటోందండి, పడుకుంటోందండి, అంతా బానే ఉందండి. ఇవాళ డాక్టరమ్మ నన్ను బల్ల మీద పడుకోబెట్టి తెర లాగగానే చెప్పేశాను, సాయంత్రమైతే నాకు కళ్ళు కనపడటం లేదండి అని.

పొట్ట మీద ఆవిడ చెయ్యి ఆగిపోయింది. ఎన్నాళ్ళనించి? ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు? ఏం తింటున్నావసలు?

తెర పక్కకి లాగి అత్తయ్యగారినే అడిగారు. అత్తయ్యగారు గర్వంగానే చెప్పారు. రోజూ క్యారెట్ ఉడకబెట్టి పెడుతున్నామండి, చుక్క నూనె లేదు, మీగడ లేదు, శుభ్రమైన తిండండి.

డాక్టరమ్మ కలం పక్కన పెట్టారు.

"నూనె చుక్క లేకుండా ఎన్ని క్యారెట్లు పెడితే ఏం లాభమండీ? అందులో ఉన్నది ఒంటికి పట్టాలంటే కొవ్వు తోడుండాలి. గుడ్లూ చేపలూ మీ ఇంట్లో ముట్టరు. పాల మీద మీగడ కూడా తీసేస్తే ఈ అమ్మాయికి ఎ విటమిన్ ఎక్కణ్ణించి వస్తుంది?"

రేచీకటి అన్నారు. స్కూల్లో సైన్సు పుస్తకంలో చదివిన మాట. తిండి లేని పేదవాళ్ళకి వస్తుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న మాట.

రక్తపరీక్షకి పంపారు. తక్కువ మోతాదులో మాత్ర ఒకటి రాశారు. త్వరగా తగ్గాలని మీ అంతట మీరు ఎక్కువ మింగెయ్యకండి, లోపల బిడ్డకి చేటు అని గట్టిగా చెప్పారు. మిగతాదంతా తిండే. పోపు పెట్టిన తోటకూర, మునగాకు, గుమ్మడి, బొప్పాయి, మీగడతో పాలు, అన్నంలో నెయ్యి. బొప్పాయి అనగానే అత్తయ్యగారు గుండె మీద చెయ్యేసుకున్నారు. బాగా పండినదేనండి, పచ్చిది కాదు అని డాక్టరమ్మ మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

దారిలో అత్తయ్యగారు కిటికీలోంచి కాలవ వైపు చూస్తూ కూర్చున్నారు.

ఆగస్టు 3

మామయ్యగారు అంతా విన్నారు. విని పేపరు మడతపెట్టి, డాక్టర్లు అలాగే చెప్తారమ్మా, ఒక ఇంట్లో రెండు వంటలేంటి అన్నారు.

ఈయన కంచంలోకి చూస్తూ ఉండిపోయారు. అంతసేపు చూడ్డానికి అందులో ఏముంది? ఉడికిన దొండకాయలు.

ఆగస్టు 4

మాత్ర వేసుకుంటున్నాను. ఉడికిన క్యారెట్‌తో, మీగడ తీసిన పాలతో. తలుపులన్నీ వేసేసి, ఇంట్లోకి రండి రండి అని పిలిచినట్టుంది.

ఆగస్టు 6

చేసేశాను.

పొద్దున్న కొట్టు నిండా జనం, శ్రావణమాసం బేరాలు. మెట్లు దిగి కొట్టులోకి వెళ్ళాను. ఈ ఇంటి కోడళ్ళు కొట్టులోకి రారు. గుమాస్తా గారు లేచి నిలబడ్డారు. మామయ్యగారు అటు తిరిగి ఒకావిడతో మాట్లాడుతున్నారు. నూకరత్నం. చేపల రేవు దగ్గర బుట్ట పెట్టుకునే మనిషి, ఎప్పుడూ విడి నూనె కొంటుంది. కోడలికి నెలలు నిండుతున్నాయట. మామయ్యగారు ప్యాకెట్ తిప్పి దాని మీది ప్లస్ ఎఫ్ గుర్తు చూపిస్తూ ఆవిడకి వివరిస్తున్నారు. విడి నూనెలో ఏం కలుస్తుందో మనకి తెలీదమ్మా, ఇది తీసుకెళ్ళు, ఇందులో ఎ విటమినూ డి విటమినూ కలిపి వస్తాయి, కడుపుతో ఉన్న పిల్లకి మంచిది అని.

ఆ మాట ఆయన నోటితో ఆయన అన్నారు. నేను అక్కడే ఉన్నాను.

దగ్గరికెళ్ళి మర్యాదగానే అడిగాను.

"మామయ్యగారూ, కడుపుతో ఉన్నవాళ్ళకి మంచిదాండీ అది?"

ఆయన వెనక్కి తిరిగారు. బేరాలవాళ్ళందరూ చూస్తున్నారు. కాటా మీద పప్పు తూస్తున్న గుమాస్తా గారు కూడా ఆగారు.

"మంచిదేనమ్మా" అన్నారు. ఇంకేమంటారు?

"అయితే నాకూ ఒకటి తీసుకెళ్తున్నానండి."

అరలోంచి తీసుకుని పైకి వచ్చేశాను. మెట్ల మీద ఉండగా వెనక నూకరత్నం గొంతు వినిపించింది, అదేంటండీ, మీ కోడలుగారు కూడా కొట్టుకొచ్చే అడగాలా అని.

అటక మీంచి మూకుడు దింపుకున్నాను. తోటకూర, ఎండుమిర్చి, వెల్లుల్లి. ఆవాలు చిటపటమన్నప్పుడు ఏడుపొచ్చింది. ఇంత చిన్నదానికా నేను కొట్టు దాకా దిగింది? ఇంత చిన్నదానికి!

ఆగస్టు 7

ఎవరూ మాట్లాడలేదు.

ఆగస్టు 8

ఇవాళా లేదు. మునగాకు పప్పు చేసుకున్నాను.

ఆగస్టు 10

ఈయన నోరు విప్పారు. నాన్నగారి పరువు నడిబజార్లో తీశావు అన్నారు. అన్నవరం మెట్ల మీద మీ నాన్నగారు నాది నాటకమన్నప్పుడు బజారు కాదాండీ అది, అన్నాను. గదిలోంచి వెళ్ళిపోయారు. కాసేపటికి తిరిగొచ్చి, నిజంగానే కనపడట్లేదా కల్యాణీ అని అడిగారు.

ఇన్ని వారాలకి అడిగారు. సంతోషించాలో, చెంప పగలగొట్టాలో తెలీలేదు.

ఆగస్టు 14

మధ్యాహ్నం మునగాకు దూస్తుంటే అత్తయ్యగారు వచ్చి ఎదురుగా కూర్చున్నారు. తనూ ఒక రెమ్మ తీసుకున్నారు. ఆకు వైపే చూస్తూ మొదలుపెట్టారు.

ఈయనకంటే ముందు ఒక బిడ్డట. ఆరో నెలలో ఉండగా, సందెవేళ పెరట్లో గోళెం దగ్గరికి వెళ్ళారట, నీళ్ళకి. అరుగు అంచు కనపడలేదు. పడ్డారు. బిడ్డ దక్కలేదు. సందెవేళ బయట తిరిగింది, గాలి సోకింది అన్నారట అందరూ. ఆవిడా అదే నమ్మారు. ఇన్నేళ్ళూ తన తప్పే అనుకున్నారు.

"అన్నవరంలో నువ్వు రానని కూచుండిపోయావు చూడు. అప్పుడనిపించింది నాకు. నేనూ అలా కూచుండిపోవాల్సిందమ్మా."

అప్పుడు ఆవిడ కళ్ళకి వచ్చింది ఇదేనో కాదో ఇప్పుడు ఏ డాక్టరు చెప్పగలరు? కానీ అప్పుడొక్కరు అడిగి ఉండాల్సింది. ఏం తింటున్నావని ఒక్కరు. గాలి, దిష్టి, నీ నడక మంచిది కాదు... అన్నీ అన్నారు. కంచం వైపు మాత్రం ఎవరూ చూడలేదు.

ఆవిడ మీద ఇన్నాళ్ళూ ఉన్న కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. పోలేదు. ఇంకా పెద్దదయింది, ఆవిడ మీద మాత్రం కాదు.

పోపు ఆవిడే పెట్టారు ఇవాళ.

ఆగస్టు 26

సందెవేళ మేడ మీద బట్టలు తీస్తున్నాను. తీగె కనపడింది. క్లిప్పులు కనపడ్డాయి, ఒక్కొక్కటీ. కిందికి దిగలేదు. పూర్తిగా చీకటి పడేదాకా అక్కడే నిలబడి చూశాను... ఎదురింటి పిట్టగోడ, దాని మీద పిల్లి, పిల్లి తోక.

మామయ్యగారు నాతో మాట్లాడటం మానేశారు. ప్యాకెట్ అయిపోయిన రోజు మాత్రం ఇంకొకటి పైకి పంపారు. ఆయన తిండి ఆయనది, నా తిండి నాది. రెండు వంటలకి ఇల్లేమీ కూలిపోలేదు.

సెప్టెంబరు 9

పెద్దాపురం. పురిటికి వచ్చేశాను. కళ్ళ సంగతి ఇప్పుడు చెప్పాను. ఊహించినట్టే అమ్మ ఏడ్చింది. వాళ్ళని దుమ్మెత్తిపోసింది. అన్నంలో నెయ్యి గుంట చేసి మరీ పోసింది. మా అమ్మ ఇల్లు.

అక్టోబరు 11

పాప.

అక్టోబరు 16

పత్యం. పాత బియ్యం అన్నం, వెల్లుల్లి కారం, నువ్వుల నూనె. మధ్యాహ్నం అదే, రాత్రీ అదే. నూనెకి లోటు లేదు, అమ్మ ముద్ద మునిగేలా పోస్తోంది. తోటకూర అడిగాను. బాలింత ఆకుకూర తింటే పసిదానికి పచ్చ విరేచనాలట. గుమ్మడి వాతమట. బొప్పాయి మాటెత్తితే చెవులు మూసుకుంది. పాలు కూడా నీళ్ళ పాలే, అరగవని.

అక్కడ కూర ఉంది, నూనె లేదు. ఇక్కడ నూనె ఉంది, కూర లేదు. నా నోట్లోకి రెండూ ఒకేసారి వెళ్ళకూడదని ఈ జిల్లాలన్నీ కలిసి ఒట్టు పెట్టుకున్నాయేమో.

అక్టోబరు 20

నర్సమ్మ వచ్చి పాపని తూచింది. అమ్మ ముందే అడిగాను. బాలింతకి ఇప్పుడే ఎక్కువ కావాలండి, తల్లి ఒంట్లో లేనిది పాలల్లోకి ఎలా వస్తుంది, ఆకుకూరలు పెట్టండి, గుమ్మడి పెట్టండి అంది. అమ్మ అన్నిటికీ తలూపింది. కాఫీ ఇచ్చి వీధి దాకా సాగనంపి వచ్చి, వాళ్ళ ఉద్యోగం, వాళ్ళు అలాగే చెప్తారు అంది.

మామయ్యగారి మాటే. అచ్చంగా.

అక్టోబరు 24

గొడవ. నిన్ను కన్నప్పుడు నేనూ ఇదే తిన్నాను, నువ్వు పెరగలేదా అంది అమ్మ. అప్పుడు సందెవేళ నీకు కనపడేదా అమ్మా అని అడిగాను. పాప బట్టలు మడతపెడుతోంది. మడత ఆపలేదు.

"అప్పుడందరికీ అంతే" అంది.

అక్టోబరు 31

బారసాల. అత్తయ్యగారు, ఈయన వచ్చారు. మామయ్యగారు రాలేదు, కొట్టు వదలలేనని చెప్పి పంపారట. అత్తయ్యగారు ఒక సీసా తెచ్చారు. మునగాకు నూనెలో వేయించి, నువ్వులు వేసి దంచిన కారం. వేడన్నంలో కలుపుకో, పసిదానికీ మంచిదట, డాక్టరమ్మని అడిగే చేశాను అని నా చేతిలో పెట్టారు.

వాళ్ళ కారు మలుపు తిరిగిందో లేదో, అమ్మ ఆ సీసా తీసి అలమర పై అరలో పెట్టేసింది. అత్తగారు తెచ్చిందని బాలింతకి ఏది పడితే అది పెట్టేస్తామా అంది.

నా కళ్ళు పోతున్నా క్యారెట్లు ఉడకబెట్టినావిడ ఆకు దంచి తెచ్చింది. నా కళ్ళ కోసం ఏడ్చినావిడ దాన్ని అందకుండా దాచింది. నేనెవరి మీద అరవాలి?

నవంబరు 1

మధ్యాహ్నం కంచం వచ్చింది. అన్నం, వెల్లుల్లి కారం, నూనె. ముట్టలేదు. ఆ సీసా తియ్యమ్మా అన్నాను. పచ్చ విరేచనాలైతే ఎవరిది పూచీ అంది. నాది అన్నాను. నీదెలా అవుతుంది, ఇంకా నువ్వే నాకు పసిదానివి అంది. కంచం పక్కకి జరిపాను.

అమ్మ ఎదురుగా చాప మీద కూర్చుంది. నేను మంచం మీద. అన్నం చల్లారిపోయింది. పాప లేచి ఏడవడం మొదలుపెట్టింది, నా జాకెట్టు తడిసిపోతోంది. తియ్యి అన్నాను మళ్ళీ. అమ్మ పాప వైపు చూసింది, కంచం వైపు చూసింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

లేవలేదు. వద్దని మాత్రం ఈసారి అనలేదు.

పాపని తీసుకుని రొమ్ముకి పెట్టుకున్నాను. తాగుతోంది. ఏం తాగుతోందో.